ముందు చక్రం చప్పుడు

కొండ మీది ఇల్లు,
వెనక గది

అన్నయ్యకి,

ఇక్కడ అందరం బాగానే ఉన్నాం అని మొదలుపెట్టి ఆ కాగితం చింపేశాను. ఇది రెండోది.

ఫోన్ చెయ్యొచ్చుగా అంటావు. ఫోన్ ముందు హాల్లో ఉంది. అక్కడ మాట్లాడితే వంటింటి దాకా వినపడుతుంది. పైగా నువ్వు ఫోన్లో ఊఁ, ఊఁ అనడం తప్ప ఏం మాట్లాడతావు? ఉత్తరమైతే కాస్త నోరు విప్పుతావు.

బండి గురించి రాస్తున్నాను. అమ్మగారి పాత పెద్ద కారు నీకు తెలుసుగా. అయ్యగారు బతికుండగా కొన్నది. లోపల చెక్క పలకలు, తోలు సీట్లు, తలుపు వేస్తే బీరువా మూసినట్టు చప్పుడు. దాన్ని తోలే మీ బావ బండి అనడు, పెద్దావిడ అంటాడు. అమ్మగారు వింటే ఎవరి గురించో అనుకుంటుందని ఆమె లేనప్పుడే అంటాడు.

ఆ పెద్దావిడకి ఒంట్లో బాగాలేదు. ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు వేడి చూపించే సూది ఎర్ర గీత దాకా పోతోంది. పోయిన వారం మలుపులో ఆగిపోయి, బానెట్ సందుల్లోంచి ఆవిరి వచ్చింది. అమ్మగారు వెనక సీట్లో కళ్ళు మూసుకుని కూర్చుంది. వారం వారం రక్తం శుభ్రం చేయించుకోవడానికి కింద ఆసుపత్రికి తీసుకెళ్ళాలి, మానడానికి లేదు. వచ్చేటప్పుడు ఆమెకి ఓపిక ఉండదు.

అది ఎక్కేటప్పటి సంగతి. దిగేటప్పుడు ఇంకొకటి. ముందు నుంచి టక్, టక్ అని చప్పుడు. గుంటలో పడితే ఎవరో కింద నుంచి సుత్తితో కొట్టినట్టు. దిగేటప్పుడు లోయ మన పక్కనే ఉంటుంది అన్నయ్యా. గోడ లేదు, మధ్య మధ్య సున్నం రాసిన రాళ్ళు మాత్రం ఉన్నాయి. ఆ చప్పుడు వచ్చినప్పుడల్లా తలుపు పిడి పట్టుకుంటున్నాను.

మీ బావని అడిగితే, "ఇన్నేళ్ళ వయసులో నీ మోకాళ్ళు చప్పుడు చెయ్యట్లేదా?" అంటాడు.

ఇక్కడ పంక్చర్లు వేసే అతను తప్ప మెకానిక్ లేడు. అమ్మగారి అబ్బాయి ఈ బండి అమ్మేసి, నెలకింత అని టాక్సీ మాట్లాడదామంటున్నాడు. బండి పోతే డ్రైవరెందుకు? డ్రైవరు లేకపోతే ఈ వెనక గది ఎవరికి? అందుకే నిన్ను అడుగుతున్నాను. ఏం చూడమంటే అది చూసి రాస్తాను.

నీ చెల్లెలు

*

షెడ్డు,
రైలు గేటు పక్కన

చెల్లెమ్మకి,

ఉత్తరం అందింది. దూరం నుంచి బండికి మందు చెప్పడం నాకు ఇష్టం లేదు. తప్పదు కాబట్టి అడుగుతున్నాను. తోచినట్టు కాదు, చూసినట్టు రాయి.

పొద్దున్న ఇంజను చల్లగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత తీసి నీళ్ళు ఎంతవరకు ఉన్నాయో చూడు. వేడిగా ఉన్నప్పుడు ఆ మూత జోలికి ఎవరూ పోవద్దు. ముఖం కాలిపోతుంది.

ఆయిల్ కొలిచే పుల్ల తీసి చూడు. మీగడలా తెల్లగా ఏమైనా అంటుకుందా?

సూది ఎప్పుడు పైకి పోతోంది? నెమ్మదిగా ఎక్కేటప్పుడా, చదునులో వేగంగా పోయేటప్పుడా?

బాగా వేడెక్కాక ఇంజను ఆపేసి, ఫ్యాను రెక్కని వేలితో నెట్టి చూడు. కష్టంగా కదులుతోందా, ఊరికే తిరుగుతోందా? ఇంజను పూర్తిగా ఆగాకే చెయ్యి పెట్టాలి. బావని తాళం తీసి జేబులో వేసుకోమను.

చప్పుడికి: ముందు రెండు మూలలూ ఒకదాని తర్వాత ఒకటి గట్టిగా నొక్కి వదులు. ఏ మూల ఎక్కువసేపు ఊగుతోంది? ముందు టైర్ల మీద అరచేత్తో అడ్డంగా రాసి చూడు. అరుగుదల ఏ వైపు ఎక్కువ? చప్పుడు కుడి నుంచా, ఎడమ నుంచా? ఇది ముఖ్యం.

నేను వద్దామంటే షెడ్డులో రెండు లారీలు విప్పి ఉన్నాయి. వదిలి రాలేను.

అంతవరకు దిగేటప్పుడు చిన్న గేర్లో, నెమ్మదిగా.

అన్నయ్య

*

కొండ మీది ఇల్లు,
వెనక గది

అన్నయ్యకి,

నీ ఉత్తరం కూరగాయల సంచిలో పెట్టుకుని బండి చుట్టూ తిరిగాను. అమ్మగారు కిటికీలోంచి చూసి, "డ్రైవరు మారాడా ఏమిటి?" అంది.

నీళ్ళు మూత దాకా ఉన్నాయి. ఆయిల్ పుల్లకి తెలుపేమీ లేదు, నల్లగానే ఉంది. సూది నెమ్మదిగా ఎక్కేటప్పుడే పైకి పోతుంది. కింద ఊరి బయట చదును రోడ్డు మీద గాలి తగలగానే దిగిపోతుంది. ఫ్యాను వేలితో నెడితే పిల్లల గాలిపంకాలా గిరగిరా తిరిగింది. మీ బావ పక్కనే నిలబడి, "బాగానే తిరుగుతోందిగా, ఇంకేం కావాలి మీ అన్నకి?" అన్నాడు.

ముందు రెండు మూలలూ ఒకేలా ఊగాయి. టైర్లు రెండూ ఒకేలా అరిగాయి. చప్పుడు రెండు వైపుల నుంచీ వస్తోంది.

నేనిప్పుడు ముందు సీట్లో ఆయన పక్కన కూర్చుంటున్నాను, సూదిని కనిపెట్టుకుని ఉండడానికి. ఆయనకి ఇష్టం లేదు. ఇన్నేళ్ళలో పక్కన ఎవరినీ కూర్చోబెట్టుకోలేదట. గేటు తగిలి బండి అద్దం ఒకటి విరిగింది. అమ్మగారి అబ్బాయికి తెలియకుండా జిగురు పెట్టి అంటించాం.

ఇన్ని భయాల మధ్య ఒక నవ్వు. మొన్న మీ బావ గడ్డం గీసుకుని, చొక్కా వేసుకుని, తల దువ్వుకుని బయలుదేరాడు. చూస్తే ఎడమ చెంప మీద గడ్డం అలాగే ఉంది. "సగం పెళ్ళికొడుకా?" అన్నాను. తడుముకుని ఆయన కూడా నవ్వాడు. కాస్త ఆలస్యంగా నవ్వాడు.

నువ్వు చెప్తే పంక్చరతని చేత ఏం మార్పించమంటే అది మార్పిస్తాను.

నీ చెల్లెలు

*

షెడ్డు

చెల్లెమ్మకి,

ముందు చక్రాలని పట్టి ఉంచే ఇనుప చేతులు ఉంటాయి. వాటి మొదట్లో రబ్బరు బుష్షులు, చివర్లో చక్రం అటూ ఇటూ తిరగడానికి గుండు లాంటి బాల్ జాయింట్లు. రెండు వైపులా కొత్తవి వేయించండి. ఆ పనికి మెకానిక్కే కానక్కర్లేదు, పంక్చరతను చాలు. వాటిని ఈ ఉత్తరంతో పాటు పార్శిల్ పంపుతున్నాను. తీసిన పాతవి పారేయకండి. కుడివి ఒక సంచిలో, ఎడమవి ఒక సంచిలో కట్టి, పైన రాయించి నాకు పంపండి. పంక్చరతని చేతే కట్టించు.

ఇంజను సంగతి ఇంకా ఆలోచిస్తున్నాను.

ఇంకొక పరీక్ష. పెరట్లో చదునుగా ఉన్న చోట సున్నంతో రెండు గీతలు గియ్యి, బండి వెడల్పు కంటే రెండు పక్కలా జానెడు ఎక్కువ ఉండేలా. వాటి మధ్యనుంచి బావని నెమ్మదిగా తోలమను. ఏ గీత తొక్కాడో రాయి. స్టీరింగ్ సరిగ్గా ఉందో లేదో తెలుస్తుంది. ముందే ఏం చెప్పకు.

విరిగింది ఏ వైపు అద్దం?

నేను చెప్పేవరకు బండి దించొద్దు. అమ్మగారిని టాక్సీలో తీసుకెళ్ళండి.

అన్నయ్య

*

కొండ మీది ఇల్లు

అన్నయ్యకి,

పార్శిల్ పంపాను. పంక్చరతనే కట్టాడు. కొత్తవి వేశాక చప్పుడు పోయింది. దేవుడా అనుకున్నాను.

గీతల మధ్య తోలించాను. బాగానే తోలాడు. కొంచెం అటూ ఇటూ.

టాక్సీ మాట ఎత్తగానే మీ బావ తింటున్న కంచం ముందు నుంచి లేచాడు. "నేను చచ్చానా? నేనుండగా అమ్మగారు ఎవడో కుర్రాడి టాక్సీలో పోవడమేంటి?" అన్నాడు. చివరికి పెద్దావిడలోనే వెళ్ళాం. ఎక్కేటప్పుడు సూది లేవగానే లోపలి హీటర్ పూర్తిగా తిప్పాడు. ఇంజను వేడి కాస్త లోపలికి లాగుతుందట. నిజంగానే సూది కొంచెం దిగింది. మేం ముగ్గురం ఉడికిపోయాం. అమ్మగారు విసనకర్ర ఊపుకుంటూ, "ఆసుపత్రిలో తోమారు, ఇక్కడ ఉడకబెడుతున్నారు, ఇంక వడ్డించడమే తరువాయి" అంది. నేను నవ్వలేకపోయాను.

అన్నయ్యా, ఇంజనుకి ఏమైందో నీకు ఇంకా తట్టలేదా? నీకు తట్టకపోవడమేంటి? లారీ గేటు దాటి వస్తుంటేనే చప్పుడు విని రోగం చెప్పేవాడివి. ఇప్పుడేమో ఆలోచిస్తున్నానంటావు. నువ్వు నాకు చెప్పనంత పెద్ద జబ్బా? నాకు భయంగా ఉంది.

నీ చెల్లెలు

*

షెడ్డు

చెల్లెమ్మకి,

సంచులు రెండూ విప్పి బల్ల మీద పక్కపక్కన పెట్టాను. కుడివైపు రబ్బరు గట్టిపడింది, అంతే. ఆ వయసు బండికి అది మామూలే. ఎడమవైపు రబ్బరు చీలికలు పేలికలుగా ఉంది. ఎడమ బాల్ జాయింటు కప్పు ఊడి, లోపలి గుండు ఒక పక్క అరిగింది. గుంటల్లో పడితే అలా కాదు. రాళ్ళకి, గట్టు అంచులకి చక్రం పక్కనుంచి తగిలితే అలా అవుతుంది. ఒకసారి కాదు, చాలాసార్లు.

రెండు వైపులా ఒకేలా ఉంది అని నువ్వు రాశావు. ఇనుము అలా చెప్పడం లేదు. అద్దం ఏ వైపుదని అడిగితే నువ్వు జవాబు రాయలేదు. గీతల గురించి అటూ ఇటూ అన్నావు. నువ్వు చిన్నప్పటి నుంచీ అబద్ధం ఆడితే తక్కువ మాటలతో ఆడతావు.

నేనూ నీకు సరిగ్గా రాయలేదు. ఇంజను సంగతి నీ రెండో ఉత్తరంలోనే తెలిసింది. ఫ్యాను మధ్యలో ఒక కప్లింగు ఉంటుంది. వేడెక్కినప్పుడు అది బిగుసుకుని ఫ్యానుని గట్టిగా తిప్పాలి. మీ బండిలో అది పట్టు వదిలేసింది. గాలిపంకాలా తిరిగింది అన్నావు చూడు, అదే. కొత్తది వేస్తే పూట పని. రాస్తే బండి బాగవుతుంది, బాగైతే బావ నిబ్బరంగా తోలతాడు. అదే ఉత్తరంలో సగం గీసిన గడ్డం ఉంది. అందుకే రాయలేదు. వేడెక్కే బండి అయితే మీరు టాక్సీ ఎక్కుతారనుకున్నాను.

చూసి రాయి. కంచంలో అన్నం ఒక పక్క మిగులుస్తున్నాడా? ఎడమ పక్క నుంచి పిలిస్తే ఎటు చూస్తున్నాడు?

ఈ మధ్య ఎప్పుడైనా తల తిరిగిందా, చెయ్యి తిమ్మిరెక్కిందా?

ఇక్కడికి వచ్చే ఒక లారీ డ్రైవరు బండికి ఎప్పుడూ ఒక పక్కే దెబ్బలు ఉండేవి. అందరం తాగుతాడనుకున్నాం. తలలో ఒక చోట రక్తం ఆగిందని తర్వాత తెలిసింది. కళ్ళు బాగానే ఉన్నాయి. కానీ ఒక పక్క ఉన్నది అతని లెక్కలో లేదు. లేదన్న సంగతి కూడా అతనికి తెలియదు. బావది అదేనో కాదో నేను చెప్పలేను, డాక్టరు చెప్పాలి. ఎడమవైపు లోయ ఉందని మాత్రం చెప్పగలను.

అన్నయ్య

*

కొండ మీది ఇల్లు,
వెనక గది

అన్నయ్యకి,

కంచం నేను తిప్పుతున్నాను. ఆయన కుడి సగం తిని, అయిపోయిందని చెయ్యి కడుక్కోబోతే, మాట్లాడుతూ మాట్లాడుతూ కంచం తిప్పుతాను. "ఓ, ఇంకా ఉందా" అని తింటాడు. చాలా రోజులుగా అంతే. వర్షాలు మొదలైనప్పుడు ఒక పొద్దున్న తల తిరిగిందని పడుకున్నాడు. ఎడమ చెయ్యి బరువుగా ఉందన్నాడు. సాయంత్రానికి లేచి బండి కడిగాడు. పోయిందనుకున్నాం.

ముందు సీట్లో కూర్చుంటున్నది సూది కోసం కాదు. దారి పొడుగునా ఏదో ఒక మాట చెప్తూ, కాస్త కుడికి జరుపు, ఆ రాయి చూడు, ఆ మనిషి చూడు అంటూ ఉంటాను. విసుక్కుంటాడు కానీ జరుపుతాడు. అదే నా ధైర్యం. నీకు రాస్తే నువ్వు వద్దంటావు, వద్దంటే గది పోతుంది అని రాయలేదు.

ఇప్పుడు ఇంకా పెద్ద కష్టం వచ్చింది. కప్లింగు సంగతి ఆయనే కనిపెట్టాడు. ఫ్యాను దగ్గర కూర్చుని పొద్దంతా చూసి, దానికి బోల్టులు వేసి బిగించేశాడు. ఇక జారడానికి లేదు. "ఇంత చిన్న సంగతి మీ అన్నకి తట్టలేదా?" అని ఒకటే నవ్వు. ఎన్నాళ్ళకో అంత సంతోషంగా చూశాను. ఇక బండి ఆపడానికి వంక లేదు.

నిన్న దిగాం. సూది మధ్యలోంచి కదల్లేదు. చప్పుడు లేదు. బండి పట్టులా పోతోంది, ఆయన ఎప్పటికంటే వేగంగా తోలాడు. మూడు చెట్ల మలుపు దగ్గర పొగమంచు. నేను కుడికి, కుడికి అంటున్నాను. "అబ్బా, ఉండవే" అన్నాడు. నా కిటికీ కిందనుంచి సున్నం రాయి పోయింది. ఇంకోటి పోయింది. తర్వాత రాయి లేదు, రోడ్డు లేదు, తెల్లగా పొగ మాత్రం ఉంది. స్టీరింగ్ పట్టుకుని నా వైపు నుంచి నెట్టేశాను. చక్రం గరగరమని మళ్ళీ రోడ్డెక్కింది.

ఆయన బండి ఆపాడు. నా మీద అరవలేదు. "ఏమైంది నీకు? రోడ్డు మధ్యలోనే ఉన్నాంగా" అన్నాడు. నా మొహం చూస్తూ అన్నాడు, నాకేదో జబ్బు చేసిందేమోనన్నట్టు. అబద్ధం కాదన్నయ్యా. ఆయనకి అలాగే ఉంది. వెనక అమ్మగారు, "ఏమ్మా, చేరిపోయామా?" అంది. దేని గురించి అడిగిందో నాకు తెలియలేదు.

ఆసుపత్రిలో అన్ని గంటలు కూర్చున్నాను. డాక్టరు నా ముందునుంచే నాలుగుసార్లు నడిచాడు. ఒక్కసారీ లేచి ఆపలేదు. మళ్ళీ అదే బండిలో, అదే దారిలో ఎక్కి వచ్చాం.

ఇంకో వారం వస్తోంది. ఆయనకి ఎలా చెప్పను? లేదన్నది చూపించడం ఎలా?

నీ చెల్లెలు

*

షెడ్డు

చెల్లెమ్మకి,

చెప్పొద్దు. చెప్తే నమ్మడు. అతని తప్పు కాదు.

కంచం తిప్పావు కదా, అలాగే. కప్లింగు ఎలా బిగించాడో నాకు అర్థం కాలేదని, తెలుసుకోవాలని ఉందని చెప్పు. బొమ్మతో సహా నాకు రాయమను. నిజంగానే బాగా చేశాడు. తెల్ల కాగితం ఇవ్వు, గీతలు లేనిది. కాగితం నిండా రాయనివ్వు, మధ్యలో మాట్లాడకు. అయ్యాక ఆ కాగితాన్ని అతని ముందు తలకిందులుగా తిప్పి పెట్టు. ఊరుకో.

అంతవరకు రోజూ ఏదో వంకతో తాళం నీ దగ్గర పెట్టుకో. దొరక్కపోతే వెతకనీ.

గది సంగతి తర్వాత. షెడ్డు వెనక గదిలో పాత ఇంజన్లు ఉన్నాయి. ఖాళీ చేస్తున్నాను.

అన్నయ్య

*

కొండ మీది ఇల్లు

బావగారికి,

నమస్కారం. మీరు అడిగారని మీ చెల్లెలు చెప్పింది. చాలా సంతోషం. లారీలు చూసే చేతికి ఇలాంటి బండి కొత్తగా ఉంటుంది, అందుకే మీకు తట్టలేదు, ఏమీ అనుకోవద్దు.

ముందు ఫ్యాను విప్పాను. కప్లింగు ముఖం మీద నూనె కారిన మరక ఉంది. అంటే లోపల ఉండే చిక్కటి నూనె కారిపోయింది, అందుకే పట్టు లేదు. కొత్తది ఇక్కడ దొరకదు. కాబట్టి అంచున సమాన దూరంలో బెజ్జాలు వేసి, రెండు పలకలనీ కలిపి బోల్టులతో బిగించాను. దూరాలు సమానంగా లేకపోతే ఫ్యాను వణుకుతుంది. కింద బొమ్మ గీశాను. గుండ్రంగా ఉన్నది కప్లింగు. చుట్టూ చుక్కలు బోల్టులు. ఇప్పుడు మన పెద్దావిడ ఘాట్ రోడ్డంతా ఎక్కినా సూది మధ్యలోనే

బావగారూ, మొదటి కాగితం అక్కడితో ఆగిపోయింది. ఇది తర్వాత రాస్తున్నాను.

కాగితం నిండిందని మీ చెల్లెలికి ఇచ్చాను. ఆమె దాన్ని తలకిందులుగా తిప్పి నా ముందు పెట్టింది. కుడి పక్కన సగం కాగితం తెల్లగా ఉంది. ఎవరో వేరే కాగితం అతికించారనుకుని వేలితో తడిమాను, అతుకు లేదు. నేను గీసిన కప్లింగు గుండ్రంగా లేదు, సగం చంద్రుడిలా ఉంది. బోల్టులన్నీ ఒక పక్కనే ఉన్నాయి. మళ్ళీ మామూలుగా తిప్పితే కాగితం నిండుగానే కనిపిస్తోంది. చాలాసేపు అటూ ఇటూ తిప్పుతూ కూర్చున్నాను. మీరు మీ కళ్ళతో చూస్తారని అదే కాగితం పంపుతున్నాను. ఈ రెండో కాగితం మాత్రం ఆమె ఎడమ అంచున గీత గీసి ఇస్తే, ఆ గీత దాకా వెతుక్కుంటూ రాస్తున్నాను.

పెరట్లోకి వెళ్ళి ఫ్యాను చూశాను. చేత్తో తడిమి చూస్తే బోల్టులు చుట్టూ సమానంగానే ఉన్నాయి. తిప్పుతూ బిగించాను కాబట్టి సరిపోయింది. తిప్పి చూసుకోవడానికి వీల్లేని పని ఒక్కటే. అది తోలడం.

అమ్మగారికి నేనే చెప్పాను. ఆమె విసనకర్ర పక్కన పెట్టి, "మూడు చెట్ల మలుపు దగ్గర నేను నిద్రపోలేదయ్యా" అంది. ఈ వారం టాక్సీలో వెళ్తున్నాం. డ్రైవరు పక్కన నేను కూర్చోను. వెనక అమ్మగారి పక్కన కూర్చుంటాను. డాక్టరుతో మీ చెల్లెలు మాట్లాడుతుంది.

తాళం చెవి ఈ కవర్లో పెట్టాను. రెండోది లేదు. నా దగ్గరుంటే పొద్దున్నే చెయ్యి దానంతట అదే వెళ్ళి బండి తీస్తుంది. లారీలు అయ్యాక మీరే వచ్చి పెద్దావిడని కిందికి దించండి. ఇంజను బాగుంది, భయం లేదు.

ఒకటి అడగాలి. వర్షాలప్పటి నుంచి ఇప్పటిదాకా ఆ దారిలో తోలాను. ఎడమ అంచున మనుషులు నడుస్తారు, పిల్లలు బడికి పోతారు, కట్టెలు మోసుకుని ఆడవాళ్ళు వస్తారు. ఎప్పుడూ ఉంటారు. నాకు ఈ నెలల్లో ఒక్కరూ గుర్తు రావడం లేదు. దారి ఖాళీగా ఉంటోంది, హాయిగా ఉంది అనుకున్నాను. మీరు పాత బాల్ జాయింటు, రబ్బరు అన్నీ చూశారట. దెబ్బలు చూసి దేనికి తగిలాయో చెప్పగలరని మీ చెల్లెలు అంటుంది.

అవన్నీ రాళ్ళేనా బావగారూ?